దీనమ్మ గారితో పాలెం దాకా

మా అపార్టుమెంటులో కింది వాటావాళ్లు ఎండుచేపలు వేయించినప్పుడల్లా పై అంతస్తుల వాళ్లందరూ కిటికీలు మూసుకుంటారు. నేను మాత్రం తెరుస్తాను. మా కోడలికి ఇది బొత్తిగా మింగుడుపడదు. "అత్తమ్మా, మీరు చేపలే తినరు గద, ఆ వాసన మీకు ఎట్ల పడుతది?" అని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అడుగుతుంది. ఎనభై దాటిన ముసలిదాని చాదస్తాల్లో ఇదొకటని సరిపెట్టుకుంటుంది. నిన్న మధ్యాహ్నం బన్సీలాల్‌పేటలో ఆకు కదలని వేళ ఆ వాసన మళ్లీ మెట్లెక్కి వచ్చింది. కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. కళ్ల వెంట నీళ్లు కారాయి. ఏమైందని కోడలు కంగారుపడితే పొగ అని చెప్పాను. అది అబద్ధం. దీనమ్మ గారు బతికి ఉంటే ఆ ఒక్క అబద్ధానికి నన్నొక చూపు చూసి ఊరుకునేవారు. తిట్టడం కన్నా ఆ చూపే ఎక్కువ బాధపెట్టేది.

దీనమ్మ గారు నాకు చదువు చెప్పిన పంతులమ్మ. తర్వాత అదే ఆడపిల్లల బడిలో నాకు ఉద్యోగం ఇచ్చిన పెద్ద టీచరమ్మ. గుంటూరు వైపు క్రైస్తవుల ఇంట పుట్టి, పాతికేళ్ల వయసులో సికింద్రాబాదు వచ్చి, ఇక్కడే తల నెరిసిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. సన్నని అంచు తెల్లచీర, మగవాళ్లు వేసుకునే తోలు చెప్పులు, ఎండైనా వానైనా చేతిలో గొడుగు. నవ్వరని చెప్పను. ఎప్పుడు నవ్వుతారో ఎవరికీ తెలిసేది కాదు, అంతే. బోయిగూడలో కట్టెల డిపో నడిపే మా నాయిన ఊళ్లో ఎవరికీ జంకేవాడు కాదు గానీ, ఆవిడ ఎదురైతే నోట్లోని బీడీ తీసి వెనక్కి దాచుకునేవాడు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు నేను పదకొండు మంది పిల్లల పరీక్ష కాగితాలు పోగొట్టాను. వానకు కిటికీ పక్కన వదిలేసి వెళితే సిరా అంతా కరిగిపోయింది. అందాజాగా మార్కులు వేసేద్దామనుకుని మళ్లీ భయపడి వెళ్లి చెప్పాను. దీనమ్మ గారు అంతా విని, "పదకొండు ఇళ్లకూ వెళ్లి ఈ మాట నువ్వే చెప్పి రా" అన్నారు. చీటీ రాసి పంపిస్తానన్నాను. "చెడ్డమాట కాగితం మీద పంపకూడదమ్మాయ్. మనిషే పోవాలి. అవతలివాళ్లు తిట్టుకోవడానికి ఎదురుగా ఒక మొహం ఉండాలి గదా" అన్నారు. రెండు రోజులు బోయిగూడ సందులన్నీ తిరిగి పదకొండు చోట్లా తిట్లు తిన్నాను. పన్నెండో ఇల్లు ఉంటే ఉద్యోగం మానేసేదాన్నే. అప్పట్లో ఆవిడ మీద పీకలదాకా కోపం వచ్చింది. ఆ మాటను ఆవిడ తన విషయంలోనూ అంతే కచ్చితంగా పాటిస్తారని తర్వాత గానీ తెలియలేదు.

మా బడిలో గంట కొట్టేవాడు ఏసుదాసు. ఇరవై నాలుగేళ్లుంటాయి. సముద్రం ఒడ్డున ఒక పాలెం నుంచి వచ్చినవాడు. తల్లి మరియమ్మ ఒక్కతే అక్కడ ఉండేది. వాడికి సంతకం తప్ప రాయడం రాదు కాబట్టి ఆమెకు ఉత్తరాలు నేనే రాసిపెట్టేదాన్ని. సగం ఉత్తరం సముద్రం గురించే అడిగేవాడు: వేట బాగా సాగుతోందా, ఒడ్డు కోసుకుపోయిందా అని. నాకు సముద్రం అంటే హుస్సేన్‌సాగర్ కన్నా కాస్త పెద్దదని మాత్రమే ఊహ. నేనలా అన్నప్పుడు వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

నలభై ఎనిమిదిలో శ్రావణమాసం రోజులు. నైజాం రాజ్యంలో ఏ క్షణాన ఏమవుతుందో తెలియక జనం మూటాముల్లె సర్దుకుని బెజవాడ రైలెక్కుతున్నారు. బడిలో సగం మంది టీచర్లు వెళ్లిపోయారు. ఏసుదాసు కూడా నాచేత సెలవు చీటీ రాయించుకున్నాడు. వానలు ముదిరేలోగా అమ్మ ఇంటికి తాటాకు కప్పాలి, పది రోజులు సెలవు కావాలి, అంతే అందులో ఉన్నది. దీనమ్మ గారు చదివి, "అందరూ వెళ్లిపోతే బడి తాళాలు ఎవరు చూస్తారు దాసూ? కాస్త సద్దుమణగనీ, నెల రోజులు పో" అన్నారు. చీటీ మీద 'తరువాత' అని రాసి సొరుగులో పెట్టారు. వాడు "అట్టాగేనమ్మా" అని తల ఊపి గంట కొట్టడానికి వెళ్లాడు. మొహం చిన్నబుచ్చుకున్నట్టు కూడా నాకు గుర్తు లేదు.

భాద్రపదంలో యూనియన్ సైన్యం వచ్చింది. నాలుగైదు రోజుల్లో అంతా ముగిసిందన్నారు. కానీ వీధుల్లో భయం అంత తొందరగా ముగియలేదు. ఒక పొద్దున రెజిమెంటల్ బజార్ వైపు ఏదో పెద్ద చప్పుడైతే కాల్పులనుకుని జనం పరుగు తీశారట. బడి లాంతరులోకి కిరసనాయిలు తేవడానికి వెళ్లిన ఏసుదాసు ఆ తొక్కిసలాటలో పడిపోయాడు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. దీనమ్మ గారు ఆ మంచం పక్క నుంచి లేవలేదు. రైళ్లు సరిగా నడవక, తంతి వెళుతుందో లేదో తెలియక, వాణ్ణి ఇక్కడే సమాధి చేశాం. నలుగురమే ఉన్నాం. పాట దీనమ్మ గారే ఎత్తుకున్నారు.

రైళ్లు మళ్లీ మొదలైన వారంలోనే ఆవిడ ప్రయాణం కట్టారు. ఉత్తరం రాస్తే సరిపోదా అని అడిగే ధైర్యం నాకు లేదు. ఒంటరిగా పంపడం ఇష్టం లేక నేనూ వస్తానన్నాను. మా ఇంట్లో రభస అయింది. "దునియా అంత పరేషాన్ల ఉంటే నువ్వేడికి పోతవ్ బిడ్డా?" అని మా నాయిన చిందులు తొక్కాడు. సంగతి చెప్పాక మాత్రం బీడీ ఆర్పేసి కట్టెల తూకం దగ్గర కూర్చున్నాడు. "ఆ టీచరమ్మ ఒక్కతే గంత దుఃఖం మోస్కపోవుడు మంచిగ లేదు. పో. జెర పైలం" అన్నాడు.

తెల్లవారేసరికి బాపట్లలో దిగాం. పాలేనికి వెళ్లే బండిదారి వానలకు మునిగిపోయిందనీ, ఒడ్డు వెంబడి నడవడమొక్కటే మార్గమనీ, పద్నాలుగు మైళ్లు ఉంటుందనీ బండివాడు చెప్పాడు. మమ్మల్ని సముద్రం దాకా తీసుకెళ్లి దించేశాడు. ఇసుకదిబ్బ ఎక్కి ఆ నీళ్లను చూడగానే నాకు తెలియకుండానే నవ్వు వచ్చేసింది. హుస్సేన్‌సాగర్ మాట గుర్తొచ్చింది. వెంటనే సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. దీనమ్మ గారు గమనించారు. "నవ్వితే తప్పేమీ లేదు. బాగా చూడు. ఎన్ని ఉత్తరాల్లో రాశావు దీని గురించి" అన్నారు. ఆవిడ మాత్రం సముద్రం వైపు చూడలేదు. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, అలలు తడిపి వెళ్లిన గట్టి ఇసుక మీద నడవడం మొదలుపెట్టారు.

పొడి ఇసుకలో పాదం దిగబడుతుంది, తడి ఇసుకలో నడక సులువని ఆవిడే నేర్పించారు. ఎడమ పక్క సముద్రం, కుడి పక్క తాటితోపులు. మైళ్ల తరబడి మనిషి లేడు. పది గంటలకు ఒక వాగు అడ్డం వచ్చింది. పోటు తగ్గేదాకా గట్టున కూర్చున్నాం. మేం తెచ్చుకున్న సీసాలోని నీళ్లు అక్కడే అయిపోయాయి. ఆవిడ తన వంతు కూడా నాకే పోసేశారు. కూర్చున్నంతసేపూ సంచిలోంచి ఆ సెలవు చీటీ తీసి చూస్తూ, మళ్లీ మడిచి పెడుతూ ఉన్నారు. "చీటీ ఎందుకు తెచ్చారు టీచరమ్మా? ఆమెకు చదువు సుత రాదు గద?" అన్నాను. "చదవడానికి కాదు. వాడు అడిగాడనడానికి రుజువు ఇదొక్కటే ఉంది. ఆమెకు ఇచ్చేయాలి" అన్నారు. చీటీ సంచిలో పెట్టి, "ఇంటి ముందు నిలబడి చెప్పాలి శకుంతలా. నలుగురు ఆడవాళ్లు దగ్గర ఉండగా చెప్పాలి. మా వైపు అదే పద్ధతి" అన్నారు. తొడల లోతు నీళ్లలో వాగు దాటాం. నా చీర తడిసి కాళ్లకు చుట్టుకుంటే ఆవిడ నా చేయి పట్టుకుని నడిపించారు.

మధ్యాహ్నం దాటాక సరుగుడు చెట్ల కింద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. పక్కన ఖాళీ తట్ట. ఎండుచేపలు అమ్ముకుని తిరిగి వెళుతున్నట్టుంది, తట్ట చుట్టూ ఆ వాసన నిండిపోయి ఉంది. మమ్మల్ని చూసి లేచి, "యాడికమ్మా, ఇంత ఎండన?" అని పలకరించింది. మనిషి కనపడిందన్న సంబరంలో నేను నోరు జారాను. సికింద్రాబాదు నుంచి వస్తున్నామని, పాలెం పోవాలని గడగడా చెప్పేశాను.

ఆమె మొహం వెలిగిపోయింది. "సికిందరాబాదా! మావోడు ఆడనే ఉండాడు గదమ్మా. బళ్లో గంట కొడతాడు. ఏసుదాసు. ఎరుగుదురా?"

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. దీనమ్మ గారు మాత్రం నిలబడిన చోటే నిలబడి, "ఎరుగుదునమ్మా. మా బడే" అన్నారు.

"అయితే పెద్ద పంతులమ్మగారు మీరేనా! నీ చెయ్యేనా అమ్మాయ్ ఆ ఉత్తరాలు రాసేది? మా పాస్టరుగారు చదివి, అచ్చు గుద్దినట్టు ఉందంటాడు. బాగుండాడా మావోడు?"

"మీ ఇంటికే వస్తున్నాం మరియమ్మా. ఇంటి దగ్గర కూర్చుని అన్నీ మాట్లాడతాను" అన్నారు దీనమ్మ గారు.

మరియమ్మ ఒక్క క్షణం ఆవిడ వంక చూసింది. తర్వాత తట్ట పక్కన మూత పెట్టి ఉన్న ముంత తీసి ముందుగా ఆవిడకే అందించింది. "ఎండన పడి వచ్చారు, ముందు నీళ్లు తాగండమ్మా." దీనమ్మ గారు రెండు చేతులూ జోడించి వద్దన్నారు. "రెండు గుక్కలు" అని మళ్లీ అడిగింది. మళ్లీ వద్దన్నారు. నేను ఆవిడ ఉపవాస ప్రార్థనలో ఉన్నారేమో అనుకున్నాను. అప్పుడు ముంత నా వైపు తిరిగింది. నాకు నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. రెండు చేతులా ఎత్తుకుని గుక్క తిప్పుకోకుండా తాగాను. దీనమ్మ గారి చేయి ఒకసారి నా వైపు లేచి, మళ్లీ కిందికి దిగింది. నా ఆత్రం చూసి నామోషీ పడ్డారనుకున్నాను. మరియమ్మ ముంత తిరిగి తీసుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని, "నాలుగు మైళ్లే, నడవండి" అంది.

ఆమె రెండడుగులు ముందుకు వెళ్లినప్పుడు నేను దీనమ్మ గారి చెవిలో, "ఇప్పుడే చెప్పుండ్రి టీచరమ్మా, నాతోని అయితలేదు" అన్నాను. "ఈ ఇసుకలో కూలిపోతే ఎవరు పట్టుకుంటారు? మన ఇద్దరం ఆమెకు ఏమవుతాం? తన వాళ్ల మధ్య చెప్పాలి. ఓర్చుకో" అన్నారు. ఆ నాలుగు మైళ్లూ మరియమ్మ మాట్లాడుతూనే నడిచింది. కొడుక్కి చిన్నప్పుడు పడవ ఎక్కితే వాంతులట. తోటివాళ్లు ఎగతాళి చేస్తే ఏడ్చుకుంటూ వచ్చి ఆమె కొంగులో దూరేవాడట. వాడి తండ్రి వేటకెళ్లి తిరిగి రాలేదు. "అందుకేనమ్మా వాణ్ణి పట్నం తోలేసింది. ఈ సముద్రం ఒకణ్ణి మింగింది చాలు. పట్నంలో అయితే కాళ్ల కింద నేల ఉంటది గదా" అంది. కిందటి నెల వానకు పొయ్యిలోకి నీళ్లు వచ్చాయట. పాలెం వాళ్లు తాటాకు కప్పుతామంటే తనే వద్దందట. "మావోడు ఉత్తరం రాయించాడు, నేనొచ్చి కప్పుతా, ఎవుర్నీ ఎక్కనీయమాకా అని." ఆ మాట విన్నాక దీనమ్మ గారి నడక తడబడింది. సంచిని గుండెకు అదుముకుని నడిచారు.

పొద్దు వాలకముందే పాలెం చేరాం. వల బాగుచేసుకుంటున్నవాళ్లు లేచి నిలబడ్డారు. మరియమ్మ ఇంటి ముందు చాప పరిచి కూర్చోమంది. కప్పు నిజంగానే ఒక మూల కుంగి, ఆకాశం కనపడుతోంది. దీనమ్మ గారు కూర్చోలేదు. చుట్టూ ఐదారుగురు ఆడవాళ్లు చేరేదాకా ఆగి, మరియమ్మ రెండు చేతులూ పట్టుకుని చెప్పారు. ఏసుదాసు లేడని చెప్పారు. ఎలా పడ్డాడో, మూడు రోజులు ఎలా ఉన్నాడో, చివరిదాకా ఎవరిని పిలిచాడో ఏమీ దాచకుండా చెప్పారు. ఏడుపులు లేస్తుండగానే సంచిలోంచి చీటీ తీశారు. "వాడు సెలవు అడిగాడమ్మా. మీ ఇల్లు కప్పడానికి వస్తానన్నాడు. నేను ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నెల కిందటే ఇక్కడ ఉండేవాడు" అన్నారు. పక్కనున్న ముసలావిడ ఒకామె, "రాతమ్మా, నువ్వేం జేస్తావు" అని జాలిగా అంది. "రాత మీదికి నెట్టొద్దమ్మా. పంపనిది నేను" అన్నారు దీనమ్మ గారు. ఆ ఊళ్లో ఎవరూ ఆవిణ్ణి ఆ మాట అడగలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కూడా కాదు.

మరియమ్మ ఆ కాగితం తీసుకుని కొడుకు సంతకాన్ని వేలితో నిమురుతూ ఉండిపోయింది. "నాకు తెలుసు పంతులమ్మా. మీరు నీళ్లు ముట్టనప్పుడే తెలుసు. చావు కబురు తెచ్చినోళ్లు అది చెప్పిందాకా ఆ ఇంటి నీళ్లు ముట్టరు గదా." తర్వాత నా వైపు తిరిగింది. "కానీ ఈ అమ్మాయి తాగింది. తాగింది గదా, అయితే చావు కాదేమోలే, జబ్బేమోలే, జైల్లో ఏశారేమోలే అనుకుంటా వచ్చా. దారంతా నీ మొహమే చూసుకుంటా నడిచానమ్మా." అప్పుడు ఏడ్చింది. నేను చాప అంచున నిలబడి ఉన్నాను. వెళ్లి పట్టుకోవాలని ఉంది, ముట్టుకునే అర్హత ఉందో లేదో తెలియలేదు.

మర్నాడు బయల్దేరేముందు ఇల్లు తాను కప్పిస్తానని దీనమ్మ గారు బతిమాలారు. "వద్దులేమ్మా, మావాళ్లు ఉండారు" అని మరియమ్మ మెల్లగా అంది. కోపం లేదు, క్షమించానన్న మాటా లేదు. రైలు ఖమ్మం దాటింది. తర్వాత ఆవిడే అన్నారు: "నీకు చెప్పకపోవడం నా తప్పు శకుంతలా. మా ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. నీకు తెలియదని నాకు తట్టనే లేదు." తన లెక్కలోకి అది కూడా వేసుకున్నారు.

ఆ తర్వాత ఆవిడ పదిహేనేళ్లు బడి నడిపారు. ఎవరు సెలవు చీటీ ఇచ్చినా కారణం చదవకుండా సంతకం పెట్టేవారు. అది అలుసుగా తీసుకుని పండక్కీ పబ్బానికీ బంధువులను చంపిన టీచర్లు కూడా ఉన్నారు. ఆవిడకు తెలుసు. అయినా పెట్టేవారు. నేను ఒకసారి విసుక్కుంటే, "వాళ్లు అబద్ధమాడితే వాళ్ల తలనొప్పి. నాకు ఒక్క చీటీ చాలు" అన్నారు.

ఆఖరి జబ్బులో ఆవిడ మంచం దగ్గర నేనే ఉన్నాను. ఇన్నేళ్లూ అడగలేకపోయిన మాట ఒక సాయంత్రం అడిగేశాను. నేను ఆ నీళ్లు తాగి ఆమెకు మేలు చేశానా, కీడు చేశానా అని. "నాలుగు మైళ్లు కొడుకును బతికించి ఇచ్చావని చెప్పమంటావా? చెప్పగలను. నీకు నిద్ర పడుతుంది" అన్నారు. నేను నిజంగా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. ఆవిడ నా చేయి అందుకున్నారు. "కానీ నాకు తెలియదమ్మా. తెలియనిది తెలిసినట్టు నీతో ఎలా చెప్పను?"

పది రోజులకు ఆవిడ పోయారు. ఆ బడికే నేను పెద్ద టీచరమ్మనయ్యాను. పిల్లల ఇళ్లకు, తోటివాళ్ల ఇళ్లకు చెడ్డకబురు చేరవేయాల్సి వచ్చినప్పుడల్లా కాగితం మీద పెట్టకుండా నేనే నడిచి వెళ్లాను. ఎదురుగా నిలబడి, వాళ్ల మొహంలోకి చూస్తూ చెప్పాను. అది దీనమ్మ గారు నాకు ఇచ్చిన చదువు, దాన్ని బాగానే నిలబెట్టుకున్నానని అనుకుంటాను. కానీ మంచిదాన్నని నాకు నేను చెప్పుకోబోయిన ప్రతిసారీ ఆ ఒడ్డు గుర్తొస్తుంది. ఒక తల్లి నాలుగు మైళ్ల పొడుగునా కొడుకు ప్రాణం కోసం నా మొహంలో వెతుక్కుంటూ నడిచింది. ఆమె వంక చూడలేక నేను తల పక్కకు తిప్పుకుని, సముద్రం చూస్తూ నడిచాను. ఆమె దాన్ని మొదటిసారి సముద్రం చూసిన పిల్ల సంతోషం అనుకుంది.